తాతమ్మ గురించి రెండు పేజీలు రాయమన్నారు, ‘భక్తిపరురాలు’ దగ్గరే ఆగిపోయా

కాలవకట్ట_కుర్రోడు
మా తాతమ్మ, అంటే మా అమ్మకి జేజి, పోయినేడు మట్టలాదివారం వెళ్ళిన మంగళవారం ప్రభువునందు నిద్రించింది. ఏడాది కావొస్తోంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టి సమాధికి రాయి వేయిస్తున్నారు. గుళ్ళో, అదే చర్చిలో, ఆమె జీవితం చదివే పని నా నెత్తిన పడింది. ఇంట్లో తెలుగు టైపింగ్ వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే, అదీ కారణం.
మా పెదమామయ్య చిత్తు రాసిచ్చాడు. “భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, అతిథిప్రియురాలు, కుటుంబమును క్రీస్తు ప్రేమలో పెంచిన తల్లి, ఏడుగురు బిడ్డలు, 23 మంది మనవలు, 41 మంది మునిమనవలు...” అని రెండు పేజీలు. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అందులో మా తాతమ్మ కనపడటంలా. పేరు మార్చి ఏ ఊళ్ళో ఏ ముసలమ్మకైనా చదివెయ్యొచ్చు.
పైగా వయసు తేలడంలా. పోయిన రోజు కట్టిన ఫ్లెక్సీలో 106. ఆధార్‌లో 96. మామయ్య 101 అంటాడు. రాయి మీద ఏదో ఒకటి చెక్కించాలి గదా. మా ఊరు ఉలవపాడుకీ రామాయపట్నానికీ మధ్య. ఎట్టా రాయాలో చెప్పండి.

కందుకూరు_మాస్టారు
విశేషణాలన్నీ కొట్టెయ్. పొద్దున లేవగానే మొదట ఏం చేసేదో, రాత్రి పడుకోబోయే ముందు ఆఖర్న ఏం చేసేదో, ఆ రెండూ రాసుకునిరా. తర్వాత మాట్లాడదాం.

తీపి_కజ్జికాయ
తాతమ్మ ఏంది? మా వైపు ముత్తవ్వ అంటారు.

పెన్నఒడ్డు
మా ఇంట్లో పెద్దజేజి. ఇది మొదలైతే వందో పోస్టు దాకా తేలదు, పక్కన పెట్టండి.

పులికాట్_కొంగ
వయసు సంగతి సులువు. గుళ్ళో బాప్తిస్మపు రిజిస్టరు తీయించు. మా నాయనమ్మది అట్నే దొరికింది, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, సాక్షులతో సహా ఉండాయి. మాది సూళ్లూరుపేట.

కాలవకట్ట_కుర్రోడు
@పులికాట్_కొంగ మీరు లూథరన్లు అయ్యుంటారు. మీకు పసిపిల్లప్పుడే ఇస్తారు కాబట్టి తేదీ ఉంటది. మేం బాప్టిస్టులం, బుద్ధి తెలిసి ఒప్పుకున్నాకే నీళ్ళల్లో ముంచేది. ఆమె ఏ వయసులో తీసుకుందో రాయకుండా తీసుకున్న తేదీ ఒక్కటే ఉంటే నాకేం లాభం? అదీగాక ఆ పాత పుస్తకం చెదలు తినేసింది.

పులికాట్_కొంగ
ఓహో, అదొకటి ఉందిగదా. మర్చేపోయా.

కందుకూరు_మాస్టారు
పుస్తకం లేకపోతే గాలివాన ఉంది. 1927 నవంబరు మొదట్లో నెల్లూరును కొట్టిన తుఫాను. ఆ కాలపు ముసలివాళ్ళ వయసులు మేం దాన్ని బట్టే కట్టేవాళ్ళం. పింఛను దరఖాస్తులు నింపేటప్పుడు నేనే ఎన్ని లెక్కలు వేశానో. గాలివాన గురించి ఆమె ఏమన్నా చెప్పిందా?

కాలవకట్ట_కుర్రోడు
చెప్పేది మాస్టారూ! “గాలివాన నాడు మా తమ్ముణ్ణి చంకనేసుకుని గుళ్ళోకి పరిగెత్తా, గుడి పైకప్పు ఎగిరిపోయింది గానీ గోడలు నిలబడ్డాయి” అని. దాంట్లోనుంచి వయసు తీయొచ్చని నాకు తట్టలా.
ఇంకోటి. మా తాతయ్య, అంటే ఆమె పెద్దకొడుకు, “జపానోడు బాంబులేసిన ఏడు” పుట్టాడని అనేది.

కందుకూరు_మాస్టారు
అయిపాయె. తమ్ముణ్ణి చంకనెత్తుకుని పరిగెత్తిందంటే అయిదారేళ్ళు ఉండాలి. అంటే పుట్టింది 1921 లేదా 22. జపాను వాళ్ళు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేసింది 1942 ఏప్రిల్ 6న. తొలికాన్పుకి ఇరవై, ఇరవై ఒకటి. ఆ కాలానికి కొంచెం ఆలస్యమే గానీ లెక్క కుదిరింది. పోయేనాటికి 101, ఒకటి అటూ ఇటూ. మీ మామయ్య గెలిచాడు. ఆధార్‌లో జనవరి 1 అని ఉందా?

కాలవకట్ట_కుర్రోడు
01-01-1927. మీకెట్టా తెలుసు?

కందుకూరు_మాస్టారు
తేదీ తెలియని వాళ్ళంతా జనవరి 1నే పుట్టారు నాయనా.

పెన్నఒడ్డు
నాకు వేరే లెక్క తట్టింది. కందుకూరు తాలూకా 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పెట్టి అందులో కలిపారు, 1972లో దానికే ప్రకాశం పేరొచ్చింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరులోకి. అంటే మీ తాతమ్మ నెల్లూరు జిల్లాలో పుట్టి, ప్రకాశం జిల్లాలో మనవల్ని ఎత్తి, నెల్లూరు జిల్లాలో కన్నుమూసింది. ఇల్లు మాత్రం కదల్లేదు. దీంతో మొదలుపెట్టు, గుళ్ళో అందరూ లేచి కూర్చుంటారు.

తీపి_కజ్జికాయ
😂😂 ఇది రాయి మీదే చెక్కించండి.

కాలవకట్ట_కుర్రోడు
మాస్టారు అడిగిన రెండూ రాసుకొచ్చా.
పొద్దున: పొయ్యి మీదికి ఎసరు పెట్టేముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. గుడి కుండ. నెలాఖరుకి అది గుడికి పోవాలి. ఇంట్లో ఏడుగురు బిడ్డలు గంజికి కొట్టుకున్న రోజుల్లో కూడా ఆ పిడికెడు ఆగలేదంట. మా తాతయ్య చిన్నప్పుడు ఆకలికి ఆ కుండలోంచి తీస్తే, కొట్టలేదు తిట్టలేదు, ఆ పూట తను మానేసి తన వాటా బియ్యం కుండలో పోసింది. ఆయన డెబ్భయ్యేళ్ళప్పుడు కూడా ఇది చెప్పి ముక్కు చీదేవాడు.
రాత్రి: కుటుంబ ప్రార్థన. కిరసనాయిలు బుడ్డి కాలం నుంచీ అదే చాప. కీర్తన చదవాలి, తర్వాత ఆమె ప్రార్థన. పెద్దకొడుకు దగ్గర మొదలుపెట్టి మొన్న పుట్టిన పిల్లదాకా ఒక్కొక్కరి పేరూ. కోడళ్ళు, అల్లుళ్ళు, ఆఖరికి బర్రెదూడ. అరగంట పట్టేది. చివరి రోజుల్లో నన్ను చూసి ‘ఎవరబ్బయ్యా నువ్వు’ అనేది గానీ రాత్రి వరసలో నా పేరు నా స్థానంలో కరెక్టుగా వచ్చేది.
ఇంకోటి, మేం అల్లరి చేస్తే శిక్ష 119వ కీర్తన. 176 వచనాలు. మంచిగా ఉంటే ఏది కావాలంటే అది. అందరం 117 అడిగేవాళ్ళం, రెండే వచనాలు.

మర్రిపాడు_మల్లి
117!! మా ఇంట్లో కూడా సేమ్. లేకపోతే 136. ప్రతి వచనం చివర ఒకటే మాట గదా, నిద్రలో కూడా అనొచ్చు.

కొండపి_పొగాకు
మా అవ్వ రోజూ బైబిలు చదివేది. ఒకరోజు చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. అవ్వా తిరగేసి పట్టుకున్నావే అంటే “ఎట్టా పట్టుకున్నా ఆయన మాటేగా” అంది. చదువు రాదని మాకు అప్పటిదాకా తెలియదు, అంతా నోటికే.

కాలవకట్ట_కుర్రోడు
మా తాతమ్మకి చదువొచ్చు. బైబిలు తప్ప ఇంకేదీ చదివేది కాదు. పేపరిస్తే “దీంట్లో అధ్యాయాలెక్కడ?” అనేది. తాతయ్య వాళ్ళ నాన్న రామాయపట్నం సెమినరీ తోటలో పనిచేశాడు, ఆ పాఠశాలలోనే అక్షరాలు నేర్చుకున్నానని చెప్పేది.

గుండ్లకమ్మ_నీళ్ళు
తమ్ముడూ, అసలు మొదలు 1878 నుంచి ఎత్తుకో. మన కుటుంబాలన్నిటి చరిత్రా అదేగా. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వించి కరువులో అన్నం పెట్టాడు, తర్వాత ఒక్కరోజులో తన చేతులతో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. మీ ఊరు కాలవ పక్కనేగా, మీ తాతమ్మ ముత్తవ్వ ఆ కాలవలో మట్టి మోసే ఉంటది. ఇట్టా మొదలెడితే గూస్‌బంప్స్.

కందుకూరు_మాస్టారు
@గుండ్లకమ్మ_నీళ్ళు మంచి ఉద్దేశమే గానీ మూడు చోట్ల ఆగాలి.
ఒకటి, ఆ రోజు క్లౌ దొర నీళ్ళలోకి దిగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్ళలో ఉంటే మిగతావాళ్ళు ఒడ్డున సేద తీరేవాళ్ళు, అట్లా వంతులవారీగా సాగింది. మనవాళ్ళ చేతుల మీదుగా జరిగిందాన్ని దొర ఖాతాలో ఎందుకేస్తాం?
రెండు, కాలవ ఎంతో పొడవు. ఆయన కరువు పనికింద కంట్రాక్టు తీసుకున్నది మూడున్నర మైళ్ళ ముక్క. ఉలవపాడు పక్కన తవ్వినవాళ్ళు ఇంకెవరి కిందో పనిచేసి ఉండొచ్చు. ఇంట్లో నోటిమాటగా వచ్చిందేమన్నా ఉంటే “మావాళ్ళు ఇట్టా చెప్పేవారు” అని చదువు, లేకపోతే వద్దు.
మూడు, ఇది అందరూ వదిలేస్తారు. ధాత కరువు, అంటే ఆ 1876–78 కరువు, నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం కలుస్తున్నారన్న మాట పడకూడదని. జనం పేర్లు ఇచ్చి నెలల తరబడి కాచుకున్నారు. కరువు తగ్గాకే ఆ 2,222. అంతకు పదేళ్ళ ముందే కనిగిరి వైపు తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి మాదిగపల్లెల్లో ఈ మాట నాటాడు. చెప్పులు కుట్టేవాడు, తోళ్ళ వ్యాపారం మీద తిరిగేవాడు. దొర ఆ పల్లెలకి వచ్చేనాటికి నేల దున్ని ఉంది.
ఇదంతా నువ్వు తెలుసుకోవాలి గానీ కూడికలో చదవక్కర్లేదు. నీకిచ్చింది ఆమె జీవితం, మిషను చరిత్ర కాదు. పిడికెడు బియ్యం ఉందిగా, అక్కడ మొదలుపెట్టు.

గుండ్లకమ్మ_నీళ్ళు
మాస్టారూ, చిన్నప్పట్నుంచీ దొరే ఇచ్చాడనుకుంటున్నా. సండే స్కూల్లో మేం వేసిన నాటకంలో దొర వేషం నాదే 🙈 రోజంతా అందర్నీ ముంచా.

పెన్నఒడ్డు
ముఖానికి పౌడరు ఎంత పట్టిందో?

గుండ్లకమ్మ_నీళ్ళు
డబ్బా మొత్తం.

సీయోను_స్వరం
ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఏడాది కూడిక, సమాధికి రాయి, పూలు... ఇవన్నీ వాక్యంలో ఎక్కడున్నాయి? సంవత్సరికం పేరు మార్చి పెడుతున్నామేమో ఆలోచించండి.

నెల్లూరు_గంట
మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. నవంబరు 2న సమాధులకి సున్నం కొట్టి, కొవ్వొత్తులు పెట్టి పూజ చేయిస్తాం. పోయినవాళ్ళని తలుచుకోవటం తప్పెట్టా అయిద్ది?

కొండపి_పొగాకు
మేం బాప్టిస్టులమే, ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల దగ్గరే పాడతాం. @సీయోను_స్వరం మీరు రారా?

సీయోను_స్వరం
వస్తాం. అది పునరుత్థాన పండుగ, వేరు.

తీపి_కజ్జికాయ
ఈ గొడవకి వేరే దారం తెరవండయ్యా, ఇక్కడ తాతమ్మ ఉంది.

శెనగచేను
ఒరేయ్, నువ్వు చిన్నబాబువి గదరా? 119వ కీర్తన, బర్రెదూడ, గుడి కుండ. ఇది మా తాతమ్మే! నాకు చెప్పకుండా ఊరోళ్ళందర్నీ అడుగుతున్నావా?

కాలవకట్ట_కుర్రోడు
అక్కా??? నువ్వు ఇక్కడ శెనగల రేటు చూసుకోటానికి వస్తావనుకున్నా.

శెనగచేను
రేటు చూసే ఇటొచ్చా. సరే, వచ్చా కాబట్టి చెప్తున్నా. నువ్వు రాసిందంతా తియ్యగా ఉంది. ఆమె అంత తియ్యగా ఉండేది కాదు, నీకు తెలియదు, నువ్వు పుట్టకముందు సంగతి. అందరూ వినండి.
మా అమ్మ, అంటే వీడికి పెద్దమ్మ, మా నాన్నని ఇష్టపడి చేసుకుంది. నాన్న హిందువు. తాతమ్మ నాలుగేళ్ళు మా గడప తొక్కలా. దారిలో ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకి చూసేది. మా ఇల్లు ఎక్కడో కాదు, వాళ్ళింటి వెనక గోడే మా ఇంటి ముందు గోడ.
కానీ రాత్రి ప్రార్థనలో వరస తప్పలా. పెద్దకొడుకు, పెద్దకోడలు, వాళ్ళ పిల్లలు... మా అమ్మ పేరు దగ్గరకొచ్చేసరికి గొంతు పెంచేది. గోడవతల మా అమ్మకి వినపడాలని. “దారి తప్పిన ఈ బిడ్డను” అని మొదలుపెట్టి పూర్తి పేరుతో. మా అమ్మ పొయ్యి దగ్గర గరిటె పెట్టి గిన్నె మోగించేది, ‘నాకు వినపడలా’ అన్నట్టు. రోజూ ఇదే. ఒకరోజు తాతమ్మకి జ్వరమొచ్చి గొంతు లేవలేదు. మా అమ్మ గరిటె పట్టుకుని గోడ పక్కన చాలాసేపు నిలబడిందంట. మర్నాడు పొద్దున గంజి కాచి చెంబుతో తీసుకెళ్ళింది. నాలుగేళ్ళ తర్వాత మొదటిమాట ఏందో తెలుసా? “ఉప్పు తక్కువైంది.”
మా నాన్న పేరు మాత్రం ఎప్పుడూ పలకలేదు. ప్రార్థనలో కూడా “ఆ అబ్బాయి”. పోయేదాకా ఆ అబ్బాయే. మా అమ్మ ఫోన్లో ఇప్పటికీ మా నాన్న నంబరు ‘ఆ అబ్బాయి’ అనే ఉంటది. పెట్టె మోసినవాళ్ళలో మా నాన్న ముందు ఎడమవైపు. ఇది రాస్తావా?

మర్రిపాడు_మల్లి
“ఉప్పు తక్కువైంది” 😭😂

కందుకూరు_మాస్టారు
కుర్రోడా, నీ రెండు పేజీలు దొరికాయి.

సీయోను_స్వరం
ఇంటి సంగతులు సంఘం ముందు పెట్టడం ఎంతవరకు మంచిది? పోయినామెకి అగౌరవం కాదా?

రెండుపేర్లు
నాకు అగౌరవంగా అనిపించలా. మా జేజి పోయినప్పుడు కూడా అన్నీ మంచే చదివారు, చివరికి ఎవరి గురించి చదువుతున్నారో అర్థం కాలా.
నాది వేరే ప్రశ్న. రాయి మీద ఏ పేరు చెక్కిస్తున్నారు? మా జేజికి గుళ్ళో బైబిలు పేరు, బడి రికార్డులో అమ్మవారి పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ లెక్కలోకి రాడు, సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు గానీ మనకి లేదు. మనం బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. అందుకని బడిలో వేసేటప్పుడే పెద్దలు ఆలోచించి వేరే పేరు రాయించేవాళ్ళు. ఆమె పోయాక రాయి దగ్గర నిలబడి పెద్ద చర్చ. ఆఖరికి రెండూ చెక్కించాం.

కాలవకట్ట_కుర్రోడు
మాకూ రెండున్నాయి. గుడిపేరే అని తేల్చారు. ఆధార్ పేరు తెలిసింది అప్పట్లో పింఛనిచ్చిన వలంటీరుకి ఒక్కడికే.
అక్కా, ఇంకోటి అడగాలి. మామయ్య చిత్తులో “సునామీ దినమున ఆమె మోకరించి ప్రార్థింపగా సముద్రము వెనుకకు పోయెను” అని ఉంది. నిజమేనా?

శెనగచేను
2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. మేం గుడికి తయారవుతుంటే పల్లెపాలెం వాళ్ళు పిల్లల్నెత్తుకుని తడిబట్టలతో పరిగెత్తుకొచ్చారు. తాతమ్మ మోకరించడం నేను చూళ్ళా. గుడి తలుపులు తీయించి అందర్నీ లోపల కూర్చోబెట్టింది. పండక్కి చేసిన కజ్జికాయలు, అరిసెలు డబ్బాలతో సహా తెప్పించింది. మా కోసం దాచిన డబ్బా కూడా! సముద్రం సంగతి నాకు తెలీదు గానీ ఆ రోజు డబ్బాలు మాత్రం ఖాళీ. వాళ్ళ చీరెలు ఆరేదాకా తన చీరెలిచ్చింది, రెండు తిరిగి రాలా, ఏడాదిపాటు సణిగింది.

తీపి_కజ్జికాయ
నా పేరు సార్థకమైంది ఈ రోజు.

పెన్నఒడ్డు
సముద్రం ముక్క తీసెయ్, చీరెల ముక్క పెట్టు.

సీయోను_స్వరం
ఈ సునామీ సంగతి మాత్రం తప్పకుండా చదవండి. మామయ్య రాసినట్టు కాదు, అక్క చెప్పినట్టే.

కాలవకట్ట_కుర్రోడు
రెండు రోజులు కనపడలేదు, క్షమించండి. పెద్దమ్మ దగ్గరకెళ్ళి చదివి వినిపించా. మొత్తం విని, గరిటె సంగతి తీసెయ్యమంది. “గుళ్ళో నా పరువేం కాను” అని. నాలుగేళ్ళు మాట్లాడనిదీ, గొంతు పెంచిందీ, ఉప్పు తక్కువైందీ అన్నీ చదవమంది. పెదమామయ్య మూతి ముడుచుకున్నాడు గానీ, కోతపండుగ ముక్క తనే చెప్పాడు: గుడికిచ్చిన తన గుమ్మడికాయని వేలంపాటలో ఎవరూ పాడనీయకుండా తనే పాడుకుని ఇంటికి తెచ్చుకునేదంట, అందరికంటే ఎక్కువ ధరకి. అది చేర్చా.

శెనగచేను
గరిటె ఉండాల్సిందేరా. అమ్మతో నేను మాట్లాడతా.

కందుకూరు_మాస్టారు
మీ అమ్మ మాట నెగ్గనీ తల్లీ. రాయి మీద ఏం తేల్చారు?

కాలవకట్ట_కుర్రోడు
గుడిపేరు, కింద “సుమారు 1921 – 2023”. చెక్కేవాడు అక్షరానికి లెక్కగడతాడు. “సుమారుకి కూడా డబ్బులియ్యాలా, ఏదో ఒక ఏడు వేసెయ్యి” అని చిన్నమామయ్య గొడవ. మామయ్య ఇచ్చిన ‘భక్తిపరురాలు’ తీసేస్తే సుమారుకి సరిపోయింది.

మర్రిపాడు_మల్లి
వీడియో తీసి పెట్టు, మేమంతా చూడాలి.

కొండపి_పొగాకు
ఇంతకీ ఉలవపాడు బంగినపల్లి దిగిందా అబ్బయ్యా? వచ్చే నెలలో అటొస్తున్నా.

కాలవకట్ట_కుర్రోడు
ఇంకా పిందెలే. మే దాకా ఆగండి, ఈడికే వచ్చి తినిపోండి.